సైనికుణ్ణి సాక్సుల గురించి అడగండి

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు నాకొక మనిషి సాయం కావాలి. ఒంట్లో కాస్త బలం ఉన్న కుర్రాళ్లెవరైనా... ఆ, మూడో వరసలో చెయ్యెత్తిన బాబూ, మీరే, రండి. ఈ బ్యాగు చూశారా, దీన్ని భుజాలకి తగిలించుకుని నేను మాట్లాడినంతసేపూ ఇలా పక్కన నిలబడాలి. అంతే పని. (నవ్వులు) నవ్వకండి. ఇంట్లో కాటా మీద పెట్టి మరీ తూచాను, 30 కిలోలుంది. ఇందులో ఒక దుప్పటి, ఒక జత బూట్లు, స్టీలు మగ్గు, మూడు జతల సాక్సులు, రాసుకోవడానికి కాగితాలు, ఇసుక నింపిన సంచులు ఉన్నాయి. ఆ సంచులు తూటాలనుకోండి. ఇవి కాక ఆరు లీటర్ల నీళ్లు. మీకొక వెసులుబాటు ఇస్తున్నాను. వీటిలో ఏదో ఒకటి తీసేయొచ్చు. ఏం తీస్తారు? నీళ్లా? సరే, ఆ ఆరు సీసాలూ బల్ల మీద పెట్టేయండి. ఒక్కసారిగా ఆరు కిలోలు తగ్గాయి, మంచి లెక్కే. ఇక నిలబడండి.

ఒక మాజీ సైనికుడితో తీరిగ్గా కూర్చుని మాట్లాడే అవకాశం నాకు మొదటిసారి వచ్చినప్పుడు నా వయసు పాతికేళ్లు. ఆయనకి అరవై దాటాయి. రెండు యుద్ధాలు చూసిన మనిషి. నేను ఏమడిగానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఎంతమందిని చంపారు సార్?" అన్నాను. ఆయన నా వంక ఒకసారి చూసి, లేచి లోపలికి వెళ్లారు. మళ్లీ రాలేదు. కాసేపటికి వాళ్లావిడ వచ్చి "ఆయన పడుకున్నారు బాబూ" అంది. అప్పుడు టైము సాయంత్రం నాలుగున్నర.

తర్వాత ఏడాదికి మళ్లీ వెళ్లాను. వానలో తడిసి ముద్దయి, వాళ్ల వసారాలో బూట్లు విప్పుతున్నాను. ఆయన నా కాళ్ల వంక చూసి, "ముందు ఆ సాక్సులు తీసి అవతల పారెయ్. వేళ్ల మధ్య తుడుచుకో. ఊరికే అద్దడం కాదు, వేలు వేలు విడదీసి తుడవాలి" అన్నారు. తువ్వాలు తెచ్చిచ్చారు. నేను తుడుచుకుంటుంటే పక్కన నిలబడి చూశారు, సరిగ్గా తుడుస్తున్నానో లేదో అని. అక్కడ మొదలైన మాట రాత్రి తొమ్మిదింటి దాకా నడిచింది. శత్రువు ఊసు రెండుసార్లు వచ్చిందేమో. మిగతాదంతా తడి, బరువు, నిద్ర, ఇంటి నుంచి రాని ఉత్తరం. నేను ఆ రోజు నుంచి ప్రశ్న మార్చుకున్నాను. సైనికుణ్ణి పాదాల గురించి అడుగుతాను. చాలామంది చెబుతారు.

మనలాంటి బయటివాళ్లమే కాదు, ఆ చంపడం ప్రశ్న పట్టుకుని పెద్దపెద్దవాళ్లూ తంటాలు పడ్డారు. ఎస్.ఎల్.ఎ. మార్షల్ అని అమెరికా సైన్యంలో చరిత్రకారుడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1947లో, ఒక లెక్క చెప్పాడు. పోరాటంలో ఉన్న పదాతి సైనికుల్లో నూటికి 15 నుంచి 25 మంది మాత్రమే అసలు తుపాకీ పేల్చారట. ఆ లెక్క ప్రపంచమంతా తిరిగింది. శిక్షణ పద్ధతులు మార్చడానికి కూడా అది కారణమైంది. తర్వాత వచ్చిన చరిత్రకారులు ఆయన నోట్సు తిరగేసి, ఈ ప్రశ్న ఆయన సైనికుల్ని పద్ధతిగా అడిగిన దాఖలాలే కనిపించడం లేదన్నారు. నాకైతే ఆ అంకె నిజమా కాదా అన్నదానికన్నా, అది అంత తేలిగ్గా అందరికీ ఎందుకు నచ్చిందన్నదే ఆసక్తిగా ఉంటుంది. సరే, అది వేరే కథ.

ముందు బరువు సంగతి. బాబూ, ఎలా ఉంది? పర్వాలేదా? పర్వాలేదనే అంటారు, ఇంకా ఐదు నిమిషాలే అయింది.

1916 జులై 1, మొదటి ప్రపంచ యుద్ధం. ఫ్రాన్స్‌లో సొమ్ నది దగ్గర. ఆ ఉదయం ఏడున్నరకి కందకాల్లోంచి పైకెక్కిన బ్రిటిష్ సైనికుల వీపుల మీద, నీళ్లు తీయకముందు ఈ బ్యాగుకున్నంత బరువుంది, ఒక్కొక్కరికీ సుమారు 30 కిలోలు. తుపాకీ, తూటాలు, గ్రెనేడ్లు, పార, నీళ్లు, తిండి, ఖాళీ ఇసుక సంచులు. వెనక వరసల్లో వచ్చేవాళ్లకి వీటి మీద ముళ్లకంచె చుట్టలు, పలుగులు కూడా. శత్రువు కందకాలు ఫిరంగుల దెబ్బకి ఎప్పుడో నాశనమైపోయి ఉంటాయి, వీళ్లు నడుచుకుంటూ వెళ్లి అందులో దిగి కాపురం పెట్టాలి అన్నది పథకం. కాబట్టి కాపురానికి కావాల్సిన సామానంతా మోయించారు. ఆ బరువుతో పరిగెత్తలేరు, పడుకుంటే చటుక్కున లేవలేరు. ఎదురుగా మిషన్ గన్లు చెక్కుచెదరలేదు. ఆ ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది నష్టం, వాళ్లలో 19,240 మంది చనిపోయారు. బరువొక్కటే కారణమని నేను అనను. ఫిరంగుల గురించి వేసిన అంచనా తప్పడమే అసలు కారణం. కానీ ఆ తప్పు అంచనాని మోసింది మాత్రం ఆ వీపులే.

ఇది పాతకాలం ముచ్చట కాదు. 1982లో ఫాక్‌లాండ్స్ దీవుల కోసం బ్రిటన్‌కీ అర్జెంటీనాకీ యుద్ధం జరిగింది. సైనికుల్ని మోసుకెళ్లాల్సిన పెద్ద హెలికాప్టర్లు అట్లాంటిక్ కన్వేయర్ అనే ఓడలో వచ్చాయి. మే 25న ఆ ఓడకి క్షిపణి తగిలింది. మూడు షినూక్ హెలికాప్టర్లు అందులోనే కాలిపోయాయి. ఇక మిగిలింది కాళ్లే. మెరైన్లు ఒక్కొక్కరు దాదాపు 36 కిలోలు మోస్తూ, బురద నేలలో, చలిగాలిలో, మూడు రోజుల్లో సుమారు 90 కిలోమీటర్లు నడిచారు. ఓడకి క్షిపణి తగిలితే ఆ వార్తలో మునిగిన ఓడ గురించి రాస్తారు. నాలుగు రోజుల తర్వాత ఎవడి మడమ మీదో బొబ్బ పగిలితే అది ఏ వార్తలోనూ రాదు. ఆ బొబ్బని తెచ్చింది మాత్రం ఆ క్షిపణే.

ఆ నడకలో వాళ్లని ఎక్కువ ఏడిపించింది బూట్లు. నీళ్లు లోపలికి వచ్చేసే రకం. ఒకసారి తడిస్తే ఆరవు. చాలామందికి ట్రెంచ్ ఫుట్ వచ్చింది, అంటే అరవై ఏళ్ల కిందట కందకాల్లో పుట్టిన పేరు మళ్లీ వినపడింది. అర్జెంటీనా వాళ్ల బూట్లు బాగుంటే అవి సంపాదించి తొడుక్కున్నవాళ్లూ ఉన్నారు.

ట్రెంచ్ ఫుట్ అంటే ఏంటో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీని గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. మంచు గడ్డకట్టే చలిలోనే పాదాలు పాడవుతాయని అనుకుంటాం. గడ్డకట్టక్కర్లేదు. చల్లగా ఉండి, తడిగా ఉండి, కదలకుండా గంటల తరబడి నిలబడితే చాలు. ఒళ్లు వేడిని కాపాడుకోడానికి పాదాల్లో రక్తనాళాల్ని మూసేస్తుంది. బిగుతు బూటు, బిగుతు పట్టీలు ఆ పని ఇంకా సులువు చేస్తాయి. ముందు తిమ్మిరి. పాదం ఉందో లేదో తెలియదు. తర్వాత వాపు. బూటు విప్పితే మళ్లీ తొడగలేనంత వాపు, అందుకే భయపడి విప్పరు, విప్పకపోతే ఇంకా ముదురుతుంది. ఆస్పత్రికి చేరి, పాదం వెచ్చబడ్డాక అప్పుడు మొదలవుతుంది నొప్పి. కాళ్ల మీద దుప్పటి అంచు తగిలినా కేకలు పెడతారు. ముదిరితే కండ చచ్చి నల్లబడుతుంది, వేళ్లు తీసెయ్యాలి, ఒక్కోసారి పాదమే తీసెయ్యాలి.

1914-15 చలికాలంలో బ్రిటిష్ సైన్యం ఒక్కదాంట్లోనే దాదాపు 20,000 మంది దీని బారిన పడ్డారు. దీనికి మందు కనిపెట్టింది పెద్ద శాస్త్రవేత్త ఎవరూ కాదు. ఆరిన సాక్సులే మందు. రోజూ రేషన్‌తో పాటు ఆరిన సాక్సులు ముందు వరసకి పంపడం మొదలుపెట్టారు. తిమింగలం నూనె డబ్బాలు పంపారు, పాదాలకి రుద్దుకోడానికి. ఆ కంపు జన్మలో మర్చిపోలేమని రాసుకున్నవాళ్లు ఉన్నారు. ఇంకొక పని చేశారు, అది నాకు చాలా ఇష్టం. ఇద్దరిద్దర్ని జతలు కట్టారు. ఎవడి పాదాలకి వాడు కాదు, ఒకడి పాదాలకి ఇంకొకడు బాధ్యుడు. ఎదుటివాడి సాక్సు విప్పి, పాదం తుడిచి, నూనె రుద్ది, వేళ్లు చూడాలి. పటాలంలో కేసులు పెరిగితే అధికారిని నిలదీశారు. చూస్తుండగానే లెక్కలు తగ్గాయి. ఊహించండి, ఫిరంగులు మోగుతుంటే, బురదలో, పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఇంకొక పద్దెనిమిదేళ్ల కుర్రాడి పాదం ఒళ్లో పెట్టుకుని రుద్దుతున్నాడు. యుద్ధం అనగానే నాకు మొదట కనపడే బొమ్మ అదే.

చలి గురించి చెబుతున్నా కాబట్టి సియాచిన్ మాట ఒకటి. 1984 ఏప్రిల్ నుంచి అక్కడ రెండు దేశాల సైన్యాలు మంచు మీద ఎదురెదురుగా ఉన్నాయి. 2003 నవంబర్‌లో కాల్పుల విరమణ కుదిరింది. తుపాకులు ఆగాయి, మంచు ఆగలేదు. అక్కడ పోయినవాళ్లలో తూటాలకన్నా వాతావరణానికి, మంచుచరియలకి, ఎత్తుకి బలైనవాళ్లే ఎక్కువ. 2012 ఏప్రిల్‌లో గయారీ దగ్గర పాకిస్తాన్ శిబిరం మీద మంచుచరియ పడి 140 మంది చనిపోయారు. 2016 ఫిబ్రవరిలో మన వైపు పది మంది మంచు కింద పడిపోయారు, ఆరు రోజుల తర్వాత ఒక్కరు ప్రాణంతో బయటికి వచ్చి ఆస్పత్రిలో కన్నుమూశారు.

బాబూ, ఏం చేస్తున్నారు? చూశారా అందరూ, బ్యాగు అడుగుభాగాన్ని ఆ బల్ల అంచుకి ఆనించారు. (నవ్వులు) సిగ్గుపడకండి, ఎవరూ నేర్పకుండానే మీకు సైనికుల విద్య ఒకటి వచ్చేసింది. నడకలో రెండు నిమిషాలు ఆగమంటే అందరూ చేసేది ఇదే. బ్యాగు విప్పరు, గోడకో చెట్టుకో ఆనిస్తారు. విప్పితే మళ్లీ ఎత్తుకోవాలి కదా.

ఇప్పుడు జబ్బులు. దాదాపు ఇరవయ్యో శతాబ్దం వచ్చేదాకా యుద్ధంలో సైనికుడికి అసలు శత్రువు ఎదుటి సైన్యం కాదు, తన సొంత శిబిరమే. 1854-56 క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు దాదాపు 21,000 మంది చనిపోతే, వాళ్లలో సుమారు 16,000 మందిని తీసుకెళ్లింది కలరా, విరేచనాలు, జ్వరాలు. ఫ్లారెన్స్ నైటింగేల్ దీపం పట్టుకుని తిరిగిన కథ అందరికీ తెలుసు. స్కుటారీ ఆస్పత్రిలో చావులు బాగా తగ్గింది 1855 మార్చిలో ఒక పారిశుధ్య బృందం వచ్చి, ఆస్పత్రి కింద మురుగు కాలువలు బాగుచేశాక అన్నది తక్కువమందికి తెలుసు. ఆవిడకి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే తర్వాత దీపం పక్కన పెట్టి లెక్కలు, బొమ్మలు వేసి ప్రభుత్వం ముందు పెట్టింది. దీపం బొమ్మకన్నా ఆ లెక్కల బొమ్మే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని నా నమ్మకం.

దీనికన్నా విచిత్రమైన కథ జపాన్‌ది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జపాన్ నౌకాదళాన్ని బెరిబెరి పట్టి పీడించేది. కాళ్లు వాస్తాయి, చచ్చుబడతాయి, ఆఖరికి గుండె ఆగిపోతుంది. 1882-83లో ర్యూజో అనే ఓడ దూరప్రయాణం వెళ్లింది. ఓడలో 376 మంది. 169 మందికి బెరిబెరి, 25 మంది చావు. తకాకి కనెహిరో అనే నౌకాదళ వైద్యుడికి తిండి మీద అనుమానం వచ్చింది. పై అధికారులకి తక్కువ, మామూలు నావికులకి ఎక్కువ వస్తోంది జబ్బు. ఆ ఇద్దరి మధ్య తేడా అల్లా కంచంలోనే. 1884లో ఇంకో ఓడని, త్సుకుబాని, అదే దారిలో పంపించాడు, కానీ బార్లీ, మాంసం, పప్పు కలిపిన భోజనంతో. ఈసారి ఒక్కరు కూడా చనిపోలేదు. జబ్బుపడింది పట్టుమని పదిహేను మంది కూడా లేరు. నౌకాదళం తిండి మార్చేసింది, జబ్బు పోయింది.

మరి పదాతి సైన్యం? మార్చలేదు. ఆ సైన్యపు వైద్యాధికారులు ఇది సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బని పట్టుబట్టారు. వాళ్లలో ఒకరు మోరి ఓగై. ఆ దేశపు గొప్ప రచయితల్లో ఒకరు, జర్మనీలో చదువుకున్న మేధావి. తకాకి చెప్పిన కారణం కూడా తప్పేనండి. ఆయన మాంసకృత్తుల లోపం అనుకున్నాడు, అసలు లోపం బి1 విటమిన్. అదింకా ఎవరికీ తెలియని రోజులు. సిద్ధాంతం తప్పు, వైద్యం సరైనది. అవతలివాళ్లేమో సిద్ధాంతం తేలేదాకా వైద్యం ఒప్పుకునేది లేదన్నారు. దాని మీద ఇంకొక మెలిక ఉంది. సైన్యంలో చేరితే తెల్లన్నం కడుపునిండా పెడతారన్నది పేద రైతుబిడ్డలకి పెద్ద ఆకర్షణ. ఇంట్లో పండక్కి గానీ దొరకని పాలిష్ బియ్యం. అది తీసేసి బార్లీ పెడితే మాట తప్పినట్టే కదా.

ఆ పాలిష్‌లో పోయిన తవుడులోనే ఉంది వాళ్ల ప్రాణం. 1904-05లో రష్యాతో యుద్ధం వచ్చింది. జపాన్ సైన్యంలో దాదాపు 2,50,000 మందికి బెరిబెరి వచ్చింది, సుమారు 27,000 మంది చనిపోయారు. యుద్ధం చివరి నెలల్లో గానీ అన్నంలో బార్లీ కలపలేదు. వాళ్ల మీద కుట్ర చేసినవాడు ఎవడూ లేడు. అందరూ ప్రేమగానే తెల్లన్నం వడ్డించారు. ఈ కథ చదివిన రోజు నాకు రాత్రి సరిగ్గా అన్నం దిగలేదు.

పేల సంగతి ఒక్క మాటలో. కందకాల్లో పేలు పట్టని మనిషి లేడు. తీరిక దొరికితే చొక్కా విప్పి, కుట్ల వెంబడి కొవ్వొత్తి మంట పోనిచ్చేవాళ్లు, గుడ్లు చిటపటమని పేలేవి. చొక్కా కాలకుండా పేలు మాత్రమే కాల్చడం ఒక కళ. టైఫస్ అనే ప్రాణాంతక జ్వరాన్ని మోసేది పేలేనని 1909లో షార్ల్ నికోల్ అనే ఫ్రెంచ్ వైద్యుడు కనిపెట్టాడు. రోగులు ఆస్పత్రి గుమ్మం దాటి, స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాక ఇంకెవరికీ జబ్బు అంటించడం లేదని గమనించాడు. ఆయనకి 1928లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక ఎదురుచూపు, నిద్ర. ఇవి రెండూ కలిపే చెప్పాలి, ఎందుకంటే సైనికుడికి పగలంతా చేయడానికి పనుండదు, రాత్రంతా పడుకోడానికి వీలుండదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తెల్లవారుజామునా చీకటిపడే వేళా అందరూ తుపాకులు పట్టుకుని నిలబడాలి, దాడులు ఆ వేళల్లోనే వస్తాయని. మధ్యలో కాపలా, తవ్వకం, మోత. కాపలాలో కునుకు తీస్తే అది మరణశిక్ష దాకా వెళ్లగల నేరం. నిద్రని మందుతో కొనే ప్రయత్నాలూ జరిగాయి. 1940లో ఏప్రిల్ నుంచి జులై దాకా, ఫ్రాన్స్ మీదికి వెళ్లిన నెలల్లో, జర్మన్ సైన్యానికీ వైమానిక దళానికీ ఇచ్చిన నిద్ర చెడగొట్టే మాత్రలు 3 కోట్ల 50 లక్షలు. అది ఇవాళ మనం భయపడే మత్తుమందు, మెథాంఫెటమిన్. బ్రిటిష్ వాళ్లు, అమెరికన్లు కూడా అదే కుటుంబానికి చెందిన మాత్రలు వాడారు, ఎవరూ తక్కువ తినలేదు. వాయిదా వేసిన నిద్ర ఆ తర్వాత వడ్డీతో వసూలు చేసుకుంటుంది.

ఎదురుచూపు అనగానే హిరో ఒనోడా పేరు చెబుతారు. 1944 చివర్లో ఫిలిప్పీన్స్‌లోని లుబాంగ్ దీవికి వెళ్లిన జపాన్ అధికారి. లొంగిపోవద్దు, ఆత్మహత్య చేసుకోవద్దు, ఎప్పటికైనా మేం వస్తాం అన్నారు పైవాళ్లు. యుద్ధం ముగిసిందని విమానాల్లోంచి కాగితాలు వేస్తే శత్రువు మోసం అనుకున్నాడు. తోటివాళ్లలో ఒకడు వెళ్లి లొంగిపోయాడు, ఇద్దరు కాల్పుల్లో పోయారు. 1974 మార్చిలో, అప్పటికి పుస్తకాల వ్యాపారం చేసుకుంటున్న ఆయన పాత మేజరు స్వయంగా అడవికి వెళ్లి, నీ డ్యూటీ అయిపోయింది అని ఆజ్ఞ చదివి వినిపిస్తే గానీ తుపాకీ దించలేదు. ఈ కథ చెప్పేటప్పుడు అందరూ ఆ విధేయతని మెచ్చుకుంటారు. ఆ ఏళ్లలో ఆయన బృందం చేతిలో దాదాపు 30 మంది దీవి మనుషులు చనిపోయారని సాధారణంగా చెప్పరు. పొలానికి వెళ్లి తిరిగి రానివాళ్ల ఇళ్లలో కూడా ఎదురుచూపులు ఉంటాయి కదా.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు చూపిస్తాను. అసలుది కాదు, నకలు. ఈ కార్డు మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుడికి ఇచ్చేవాళ్లు. ఇందులో వాక్యాలు ముందే అచ్చేసి ఉన్నాయి. నేను బాగానే ఉన్నాను. నన్ను ఆస్పత్రిలో చేర్చారు. జబ్బు చేసింది, గాయమైంది, ఈ రెంటిలో ఒకటి. కోలుకుంటున్నాను. మీ ఉత్తరం అందింది. మీ దగ్గర్నుంచి చాలాకాలంగా ఉత్తరం లేదు. పనికిరానివి కొట్టేయాలి, కింద సంతకం, తేదీ. ఒక్క మాట ఎక్కువ రాసినా కార్డు చించేస్తామని పైనే హెచ్చరిక. బాగానే ఉన్నాను అనే వాక్యం ఉంది. బాగాలేను అనే వాక్యం లేదు. భయంగా ఉంది అనీ లేదు. అయినా ఇంటి దగ్గర ఈ కార్డు అందితే పండగే. ఎందుకంటే కొట్టివేత గీతలు పెన్సిలుతో వాడి చేత్తో గీసినవి. ఫలానా తేదీన ఆ చెయ్యి పనిచేస్తోందని అర్థం.

ఆ యుద్ధంలో బ్రిటిష్ తపాలా రద్దీగా ఉన్న రోజుల్లో వారానికి సుమారు 1 కోటి 20 లక్షల ఉత్తరాలు మోసింది. రెండో యుద్ధంలో అమెరికా వాళ్లు ఉత్తరాల్ని ఫొటోఫిల్ముగా కుదించి పంపారు, 37 సంచుల ఉత్తరాలు ఒక్క సంచిలో సర్దారు. సోవియట్ సైనికులకి కవర్లు కూడా దొరకలేదు. కాగితాన్నే త్రికోణంగా మడిచి, మీద చిరునామా రాసి పంపేవాళ్లు. స్టాంపు అక్కర్లేదు. అంటించడం ఉండదు కాబట్టి సెన్సారువాళ్లకీ విప్పడం తేలిక.

సెన్సారు అంటే గుర్తొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో దేశం దాటి వెళ్లి పనిచేసిన భారతీయులు పది లక్షలకి పైనే. 1914-15లో ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్ల ఉత్తరాలన్నీ సెన్సారు చేతుల్లోంచి వెళ్లేవి. చాలామందికి చదువు రాదు, ఇంకొకరితో రాయించుకోవాలి. ఇంటి దగ్గర ఇంకొకరితో చదివించుకోవాలి. అంటే భార్యకి రాసే ఉత్తరం కనీసం ముగ్గురు చూస్తారు. అందుకని సంకేతాలు పెట్టుకున్నారు. నల్ల మిరియాలంటే మనవాళ్లు, ఎర్ర మిరియాలంటే తెల్లవాళ్లు. ఏ మిరియాలు ఎక్కువ వాడుతున్నారో, ఏవి అయిపోతున్నాయో రాస్తే ఇంట్లోవాళ్లకి సంగతి తెలిసిపోతుంది. సెన్సారుకీ తెలిసిపోయింది. వాళ్లు ఆ ముక్కల్ని ఇంగ్లీషులోకి అనువదించి పైకి నివేదికలు పంపారు. అసలు ఉత్తరాలు చాలావరకు పోయాయి. ఇవాళ మనం చదువుకోగలిగేది దాదాపుగా ఆ సెన్సారు రాసుకున్న కాపీలే. పట్టుబడ్డ మాటలే మిగిలాయి. పట్టుబడకుండా ఇల్లు చేరినవి ఏవో, ఎలా రాశారో, మనకి తెలిసే దారి లేదు. నా దృష్టిలో అవే గెలిచిన ఉత్తరాలు.

ఇంటికి తిరిగి రావడం గురించి అడుగుతారు కాబట్టి కొంచెం చెబుతాను, ఇది నా రంగం కాదు. మనసుకి తగిలిన దెబ్బకి ఒక్కో కాలం ఒక్కో పేరు పెట్టింది. 1688లో యొహాన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటి మీద బెంగతో మనుషులు చిక్కిపోవడానికి నోస్టాల్జియా అని పేరు పెట్టాడు, స్విట్జర్లాండ్ నుంచి జీతానికి పరదేశాల్లో పోరాడే సైనికుల జబ్బుగా అది పేరుపడింది. మనం ఇవాళ పాత పాటలు వింటూ వాడే మాట ఒకప్పుడు రోగం పేరు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత గుండెదడ అన్నారు. 1915లో చార్ల్స్ మయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు షెల్ షాక్, అంటే ఫిరంగి గుండ్ల అదురు, అనే మాటని వైద్య పత్రికలో వాడాడు. అదే యుద్ధంలో, పారిపోయారనో పిరికితనం చూపారనో బ్రిటన్, దాని సామ్రాజ్యపు సైన్యాల్లో కాల్చేసిన 306 మందికి క్షమాభిక్ష వచ్చింది 2006లో. తొంభై ఏళ్లు. ఇప్పుడు వాడుకలో ఉన్న పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసుని వదలని ఒత్తిడి, అన్న పేరు 1980లో గానీ అమెరికా వైద్యుల పుస్తకంలోకి ఎక్కలేదు.

నేను మాట్లాడిన మాజీ సైనికుల్లో ఎక్కువమంది చెప్పింది ఈ పేర్లేవీ కాదు. తిరిగొచ్చాక జనం తొందరపెట్టారని చెప్పారు. పాతరోజుల్లో ఓడలో వారాల తరబడి తోటివాళ్లతో కలిసి తిరిగొచ్చేవాళ్లు. డెక్కు మీద కూర్చుని తిట్టుకుని, ఏడ్చుకుని, పోయినవాడి గురించి మాట్లాడుకుని. వియత్నాం యుద్ధంలో అమెరికన్ సైనికుడు ఏడాది గడువు ముగియగానే విమానం ఎక్కేవాడు, ఒక్కడూ, ఒకటి రెండు రోజుల్లో ఇంటి గుమ్మంలో. బూట్లకి అంటిన మట్టి ఇంకా ఆరకముందే పక్కింటివాళ్లు వచ్చి అడిగే ప్రశ్న ఏదో మీకు తెలుసు, నేనూ అడిగాను కదా.

నేను మొదట చెప్పిన ఆ వసారా ఆయన, ఎంతకాలమైనా రాత్రి పడుకునే ముందు మంచం కింద చెప్పులు ఒకే తీరులో పెట్టుకునేవారు. ముందుభాగం బయటికి. చీకట్లో కాళ్లు దించితే సరిగ్గా అందులో పడాలి. వాళ్లావిడ ఊడ్చేటప్పుడు జరిగితే, ఊడ్చాక మళ్లీ అలాగే పెట్టేది. ఎందుకని ఆవిడ ఎప్పుడూ అడగలేదట. నలభై ఏళ్లు.

సరే, టైమైపోయింది. బాబూ, ఇక దించండి. నెమ్మదిగా, నెమ్మదిగా, ఒక భుజం తర్వాత ఒకటి. ఎవరైనా పట్టుకోండమ్మా. ఏమైనా చెబుతారా? మైకు ఇవ్వండి. ఏంటి? గట్టిగా చెప్పండి, వెనకవాళ్లకి వినపడలేదు.

నీళ్లు కావాలట. (నవ్వులు)

మీరే కదండీ తీసి బల్ల మీద పెట్టారు.